వి.పి.పి.లో వచ్చిన రేడియో

మొన్న ఆదివారం మా ఇంటికి ఓ పార్సెలు వచ్చింది. మా అమ్మాయి గోడ గడియారం తెప్పించుకుంది. సెల్‌ఫోనులో బొమ్మ చూసి వేలితో రెండుసార్లు తట్టింది. మూడోనాటికి మోటారు సైకిలు మీద ఓ కుర్రాడు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. విప్పి చూసి రంగు బాగాలేదంది. మళ్లీ రెండుసార్లు తట్టింది. మర్నాడు ఇంకో కుర్రాడు వచ్చి గడియారాన్ని పట్టుకుపోయాడు. డబ్బు తిరిగి వచ్చేస్తుందిట. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవ్వరి మొహంలోనూ చలనం లేదు. గుండె దడదడలాడింది నా ఒక్కడికే.

"విప్పేటప్పుడు నీకు భయం వెయ్యలేదుటే?" అన్నాను.

"భయం దేనికి నాన్నా?"

"లోపల ఇసుక పొట్లం ఉంటుందేమోనని."

అమ్మాయి నా వంక జాలిగా చూసింది. వంటింట్లోంచి మా ఆవిడ, "ఇంకేముందీ, మీ నాన్నగారు తెనాలి వెళ్లిపోయారు. మళ్లీ భోజనాల వేళకి గాని రారు" అంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ అన్నది నిజమే. నేను తెనాలి వెళ్లిపోయాను. 1990 నాటి తెనాలి. అప్పటికి నాకు పదకొండేళ్లు.

వి.పి.పి. అనే మూడు పొడి అక్షరాలు చూస్తే ఇప్పటి పిల్లలకి ఏమీ అనిపించదు. మాకు ఒళ్లు జలదరించేది. మన తపాలా శాఖవారు ఆ పద్ధతిని 1877 లోనే పెట్టారు. ఓ కార్డు ముక్క మీద ఫలానా వస్తువు పంపవలసిందని రాసి డబ్బాలో పడేస్తే చాలు, వస్తువు నడుచుకుంటూ వచ్చేస్తుంది. పోస్టుమానుకి డబ్బు లెక్కపెట్టి ఇవ్వాలి. ఇచ్చిన తరువాతే పార్సెలు మన చేతికి వస్తుంది. ఆ డబ్బు మనియార్డరై అమ్మినవాడికి చేరుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. డబ్బు ముందు, విప్పడం తరువాత. పోస్టుమానుని తప్పు పట్టడానికి వీల్లేదు. ఆయన మూట మోసేవాడేగాని మూటలో ఏముందో చూసేవాడు కాడు.

పత్రికలన్నీ నేను వెనకనుంచి చదివేవాణ్ణి. ముందు పేజీల్లో సీరియళ్లు మా అమ్మవి. చివరి పేజీల్లో అగ్గిపెట్టె లంత గళ్లలో వేసే ప్రకటనలు నావి. ఎంతటి మొండిమనిషినైనా లొంగదీసే ఉంగరం, రాస్తే కనిపించని సిరా, లైసెన్సు అక్కరలేని పిస్తోలు, దుప్పటి మీద సినిమా చూపించే డబ్బా, వారం రోజుల్లో హిప్నాటిజం, నెల రోజుల్లో మూడంగుళాల పొడుగు. అడ్రసులన్నీ ఎక్కడో ఉత్తరాది ఊళ్లవి. హిందీలో రాసినదాన్ని ఎవరో పుణ్యాత్ముడు తెలుగు చేసి పంపేవాడు కాబోలు, "మీ మిత్రులను విస్మయముతో మూర్ఛిల్లజేయండి" అని ఉండేది. ఇప్పుడు నేను కాలేజీలో పిల్లలకి అలంకారాలు చెబుతూ ప్రబంధాల్లోంచి ఉదాహరణలు ఇస్తూంటాను గాని, అతిశయోక్తి అంటే ఏమిటో నాకు మొదట నేర్పింది ఆ అగ్గిపెట్టె గళ్లే.

గళ్లు అంటే గుర్తుకొచ్చింది. తొమ్మిది గళ్లు గీసి, ఒకటినుంచి తొమ్మిదిదాకా అంకెలు నింపమనేవారు. ఎటు కూడినా పదిహేను రావాలి. సరిగ్గా నింపినవాళ్లకి ట్రాన్సిస్టరు బహుమతి! మధ్య గడిలో అయిదు వేస్తే తక్కినవి వాటంతటవే కుదురుకుంటాయి. మా వీధిలో పదకొండుమంది నింపి పంపారు. పదకొండుమందికీ మొదటి బహుమతే వచ్చింది. ప్యాకింగు ఖర్చులూ తపాలా ఖర్చులూ మాత్రం గెలిచినవాళ్లే పెట్టుకోవాలన్నారు. ఆ ఖర్చులు విన్నాక ఎనిమిదిమంది గెలుపు మానుకున్నారు. తక్కిన ముగ్గురి సంగతీ ఇక్కడ చెప్పను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు.

నేను మొదట తెప్పించుకున్నది ఎముకలు చూపించే గొట్టం. తొమ్మిది రూపాయలు. సంక్రాంతికి మా మేనమామ ఇచ్చిన పదిలోంచి కట్టాను. బొటనవేలంత గొట్టం, చివర చిన్న కన్నం. అందులోంచి చెయ్యి చూసుకుంటే వేలు చుట్టూ లేతనీడా, మధ్యలో నల్లటి ఎముకా కనిపించాయి. చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు పెన్సిలు చూశాను. దానికీ ఎముక ఉంది. కొబ్బరి ఈనెకీ ఉంది. మా అమ్మ అట్లకాడకీ ఉంది! అప్పుడు అనుమానం వచ్చి గొట్టం చీల్చాను. లోపల ఓ కోడి ఈక ముక్క. ఈక పోగులు బహు సన్నం. వాటి సందుల్లోంచి దూరేటప్పుడు వెలుతురు చెదిరి ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. రెండు నీడలూ ఒకదానిమీద ఒకటి పడ్డచోట నల్లగా ఉంటుంది. అదే ఎముక. ఇదంతా తరువాత మా సైన్సు మాస్టారు చెబితే తెలిసింది. ఆనాడు నాకు తెలిసిందల్లా, కోడి మొత్తం ఎంతకు వస్తుందో ఏమోగాని, నేను ఈకకే తొమ్మిది రూపాయలు పోశానని.

అయినా బుద్ధి రాలేదు. రానివ్వకపోవడానికి కారణం మా నాయనమ్మ.

మా ఇంట్లో తాతగారి కాలంనాటి వాల్వుల రేడియో ఉండేది. దానికి ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన పుస్తకం కూడా ఉండేది. లైసెన్సు కట్టే బాధ 1980ల నడుమ తప్పింది. రేడియో మాత్రం అయిదారేళ్లు పలికి, 1990 ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం గరగరమని మూగపోయింది. రిపేరు కొట్టతను వెనక అట్ట విప్పి, "ఈ వాల్వు ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ, కొత్త ట్రాన్సిస్టరు కొనుక్కోండి" అన్నాడు. మా నాన్నగారు మండలం ఆఫీసులో గుమాస్తా. "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే ఏడాది.

నాయనమ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు. మనుషుల్ని ఆకారాన్ని బట్టి పోల్చుకునేది. ఆవిడకి గడియారం, పంచాంగం, ఇరుగుపొరుగు అన్నీ బెజవాడ రేడియోయే. 1948 డిసెంబరు 1న ఆ స్టేషను పెట్టిన నాటికి తను ఇద్దరు పిల్లల తల్లినని లెక్క చెప్పేది. భక్తిరంజని వస్తే కాఫీ, వార్తలు వస్తే స్నానం, మధ్యాహ్నం పాటలకి కునుకు. పాడిపంటలు కూడా వదిలేది కాదు. మాకు సెంటు భూమి లేదుగాని వరికి వచ్చే తెగుళ్లన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. అల్లాంటి మనిషి, రేడియో పోయిన దగ్గరనుంచీ రోజంతా "ఒరేయ్ నాన్నా, ఎంతయిందిరా?" అని అడగడం మొదలుపెట్టింది. నాలుగున్నర అని చెబితే, "ఇంకా నాలుగున్నరేనా?" అనేది. 

సరిగ్గా ఆ రోజుల్లో చివరి పేజీలో కనిపించింది. "కరెంటు వద్దు! బ్యాటరీ వద్దు! జీవితాంతం ఉచితంగా వినండి! జేబు రేడియో." వెల ముప్ఫై ఎనిమిది రూపాయలు, తపాలా ఖర్చులతో నలభై అయిదు.

నాయనమ్మకి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. బియ్యం డబ్బాలో గుచ్చి దాచిన హార్లిక్స్ సీసా తీయించింది. అందులో ఉన్నది పుష్కరాల డబ్బు. 1992లో కృష్ణకి పుష్కరాలు. అప్పటికి బెజవాడ వెళ్లి మునిగి రావాలని నెలనెలా అయిదో పదో వేసుకునేది. నోట్లు వేళ్లతో తడిమి, కొలత చూసుకుని రెండు పదులు తీసి నా చేతిలో పెట్టింది. "తక్కింది మీ నాన్ననడుగు" అంది.

నాన్నగారిని అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు. ఆ రాత్రి బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి, సీసాలోంచి ఇంకో పాతిక తీశాను. శనివారం శనివారం నాయనమ్మ నోట్లు లెక్కపెట్టుకునేది. ఆ శనివారం నేను గుమ్మం చాటున నుంచుని చూశాను. తడిమింది, మళ్లీ తడిమింది, మూత పెట్టేసింది. ఏమీ అనలేదు. ఆవిడకి తెలియలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడు వారాలు పట్టింది. రోజూ బడినుంచి పోస్టాఫీసు మీదుగానే వచ్చేవాణ్ణి. పార్సెలు వచ్చినరోజు చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంది. బరువు చూసి ఎంత సంతోషించానో! విప్పితే ఎర్రటి ప్లాస్టిక్ డబ్బా. పైన తిరిగే చక్రం, అంకెలు, పక్కన ఇయర్‌ఫోను, కిటికీలో వేలాడదియ్యమని ఓ తీగ. తీగ వేలాడదీశాను. చెవిలో పెట్టుకున్నాను. చక్రం అటు చివరనుంచి ఇటు చివరకి తిప్పాను. ఏమీ లేదు. నాయనమ్మ చెవిలో పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, "సముద్రం హోరులా ఉందిరా" అంది. గవ్వ చెవి దగ్గర పెట్టుకున్నా ఆ హోరే వినిపిస్తుంది. నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అన్నదని అప్పుడే తెలిసింది.

మూడోనాడు నాన్నగారు చూశారు. డబ్బెక్కడిదని అడిగారు. నాయనమ్మ అడ్డం వచ్చి, "నేనే ఇచ్చాను" అంది. నాన్నగారు స్క్రూడ్రైవరు తెచ్చి డబ్బా విప్పారు. చక్రం దేనికీ తగిలించిలేదు. ఇయర్‌ఫోను తీగ లోపలికి వచ్చి ముడివేసి ఉంది. అడుగున, పాత వార్తాపత్రికలో కట్టిన ఇసుక పొట్లం.

కొట్టలేదు. కొట్టినా బాగుండేది. డబ్బాని మళ్లీ బిగించి, మూగరేడియో పక్కన స్టాండు మీద పెట్టారు. ఇంటికి ఎవరొచ్చినా, "ఇది మావాడు కొన్న రేడియో అండీ" అని చూపించేవారు. "బ్యాటరీ లేదు, కరెంటు లేదు. మరి దేనితో పలుకుతుందిరా? గాలితోనా?" అనేవారు. వచ్చినవాళ్లు నవ్వేవారు. పాలవాడు నవ్వాడు. ఇన్సూరెన్సు ఏజెంటు నవ్వాడు. నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు. నాకు మోసపోయానన్న బాధకంటె పెద్ద బాధ ఒకటి పట్టుకుంది. లోకంలో ఉండడానికి వీల్లేని వస్తువుని ఉందని నమ్మిన వెధవని నేనొక్కణ్ణేనా అని.

ఈ కబురు కాఫీ హోటలు మీదుగా బడికి చేరింది. మా సైన్సు మాస్టారు పిలిచారు. ముక్కుపొడుం అలవాటున్న మనిషి. బల్లమీద చిటికె రాల్చుకుంటూ, "ఏమోయ్, మీ నాన్నగారు గాలితోనా అని అడిగారుట గదా. మంచి ప్రశ్న. దాదాపు గాలితోనే" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"బ్యాటరీ లేకుండా రేడియో పలుకుతుందోయ్. నువ్వు కొన్న డబ్బాలో మోసం ఉందిగాని ప్రకటనలో అబద్ధం లేదు."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం, తరువాత ఎమ్మేలో ఫస్టుక్లాసు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మాస్టారు లాబరేటరీ బీరువాలోంచి ఓ రాయి తీసి నా అరచేతిలో పెట్టారు. చిన్నదే, కాని చెయ్యి కిందికి దిగిపోయింది. విరిగిన చోటల్లా అద్దం ముక్కల్లాగా చతురస్రాలుగా మెరుస్తోంది. సీసం తీసే రాయి. ఎక్కడిదో కాదు, వినుకొండ పైన అగ్నిగుండాల గనిలోది. ఇప్పుడది పల్నాడు జిల్లాగాని అప్పటికి మా గుంటూరు జిల్లాయే. అల్లాంటి రాయికి సన్నని తీగ మొన తగిలించి, కంటికి కనిపించని తరంగాల్ని పట్టవచ్చునని మన జగదీశ్ చంద్ర బోసుగారు కనిపెట్టారు. 1901లో దరఖాస్తు పెడితే 1904లో అమెరికావారు పేటెంటు ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో ఆంజియో దగ్గర గోతుల్లో కూర్చున్న సిపాయిలు ఆ రాయి కూడా లేక, గడ్డం గీసుకునే బ్లేడుకి పెన్సిలు ముల్లు ఆనించి పాటలు విన్నారుట. మాస్టారు ఇవన్నీ పొడుం పీలుస్తూ పక్కింటివాళ్ల సంగతుల్లాగా చెప్పేవారు.

దసరా సెలవుల్లో పని మొదలుపెట్టాం. బట్టల కొట్లోంచి అట్టగొట్టం తెచ్చాను, రెండంగుళాలది. మోటార్లు వైండింగు చేసే కొట్లో మిగిలిపోయిన రాగితీగ తెచ్చి, గొట్టం మీద చుట్టు పక్కన చుట్టు వేసుకుంటూ నూరు చుట్లు చుట్టాం. యాభై ఆరో చుట్టు దగ్గర నాకు తుమ్ము వచ్చి మొత్తం ఊడిపోయింది. మాస్టారు పొడుం డబ్బా జేబులో పెట్టుకుని, "తప్పు నాదే, మళ్లీ చుట్టు" అన్నారు. స్టేషను తిప్పుకోడానికి రిపేరు కొట్టువాడు పాత ట్రాన్సిస్టరులోంచి పీకిన గ్యాంగు ఒకటి రెండు రూపాయలకి ఇచ్చాడు.

ఇంత సామానుకీ చేసే పని ఏమిటో మాస్టారు మా కాలవగట్టు మీద నుంచుని చెప్పారు. బెజవాడలో పాడినపాట తరంగమై నలుదిక్కులా పోతుంది. దారిలో ఏ లోహం తగిలినా అందులో కాస్త విద్యుత్తు పుట్టిస్తుంది. "మీ అమ్మ బట్టలారేసే దండెం తీగలో కూడా భక్తిరంజని పారుతూనే ఉంటుందోయ్. దండేనికి చెవి లేదు, అంతే." అన్ని స్టేషన్లలోనూ మనకి కావలసిన దానికే చుట్టా, గ్యాంగూ కలిసి ఊగుతాయి. అయితే ఆ విద్యుత్తు ముందుకీ వెనక్కీ, సెకనుకి ఎనిమిది లక్షల ముప్ఫై ఏడువేల సార్లు కొట్టుకుంటుంది. బెజవాడ లెక్క అది, 837 కిలోహెర్ట్జులు. అంత జోరుగా అటూ ఇటూ లాగితే చెవిలోని రేకు ఎటూ కదలదు. అందుకని తలుపు పెట్టాలి. సముద్రం దగ్గర మురుగుకాలవలకి తలుపులుంటాయి చూశారా? ఆటున నీళ్లు బయటికి పోనిస్తాయి, పోటున ఉప్పునీరు లోపలికి రానివ్వవు. ఆ రాయి చేసేది అదే. ఒక వైపుకే పోనిస్తుంది. అప్పుడు పాటలోని హెచ్చుతగ్గులు మిగిలి రేకుని కదిలిస్తాయి.

"మరి కరెంటు మాస్టారూ?"

"బెజవాడ వాళ్లది. వాళ్లు పంపించే దాంట్లోంచే మనకో రవ్వ. బిల్లు కూడా వాళ్లదే."

మొదట విన్నప్పుడు ఏమీ వినపడలేదు. ఎర్రడబ్బాతో వచ్చిన ఇయర్‌ఫోను తగిలించాం. విచిత్రం ఏమిటంటే, అది ఒక్కటీ నిజమైనదేట! కాని ట్రాన్సిస్టరుకి పనికొచ్చే రకం. లోపల చుట్లు తక్కువ, దాన్ని కదిలించాలంటే మన రవ్వ చాలదు. మాస్టారు ఒకరోజు తటపటాయించి, మర్నాడు ఇంటినుంచి ఓ నల్లటి హెడ్‌ఫోను తెచ్చారు. చదువుకునే రోజుల్లో మద్రాసు మూరుమార్కెట్లో పాత సామాన్లలో కొన్నారుట. యుద్ధంనాటిది. ఒక్కొక్క చెవిలో వెంట్రుకవంటి తీగ వేలకొద్దీ చుట్లు. ఇంట్లో వాళ్ల పిల్లల్ని కూడా ముట్టుకోనిచ్చేవారు కారని తరువాత విన్నాను.

రాయితో వినిపించింది. కాని ముల్లు ఒకచోట తగిలితే పలికేది, వెంట్రుకవాసి జరిగితే మాయమయ్యేది. మా పిల్లి గుమ్మం దాటినా పోయేది. నాయనమ్మతో అది సాగదని మాస్టారు రాయి తీసేసి, ఓ.ఏ.79 అనే గాజు డయోడు పెట్టారు. బియ్యపుగింజకంటె కాస్త పెద్దది. ఆ రాయి పనే అది చేస్తుంది, ముల్లు గాజులోపలే స్థిరంగా ఉంటుంది.

మా పెరట్లో కొబ్బరిచెట్టుకీ డాబా పిట్టగోడకీ మధ్య అరవై అడుగుల తీగ కట్టాను. రెండు చివర్లా విరిగిన సోడాసీసా మెడలు గుచ్చాను, తీగలోది చెట్టులోకి దిగిపోకుండా. రెండో తీగ చేతిపంపు గొట్టానికి చుట్టాను. మా అమ్మ పిడుగు పడుతుందని గోల పెట్టింది. మబ్బు పడితే తీగ ఊడదీసి నేలకి కలిపెయ్యమని మాస్టారు ముందే చెప్పారు. సాయంత్రం నాన్నగారు వచ్చి పైకి చూసి, "మళ్లీ ఏం తెప్పించావురా?" అన్నారు.

"తెప్పించలేదు నాన్నగారూ. చేశాను."

ఆయన చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నేనొక్కణ్ణే పెరట్లో హెడ్‌ఫోను పెట్టుకున్నాను. గ్యాంగు మెల్లిగా తిప్పుతూంటే, ఎక్కడో ఊరవతల చిన్న చప్పుడు. ఇంకాస్త తిప్పాను. మనిషి గొంతు. ఎవరో పెద్దమనిషి యూరియా ఎప్పుడు చల్లాలో, మడిలో నీరు ఎంత ఉంచాలో చెబుతున్నాడు. నా జన్మలో అంత మధురమైన వాక్కు వినలేదు. యూరియా గురించి పావుగంట విన్నాను. కళ్లనీళ్లు వచ్చాయంటే మీరు నవ్వుతారు.

మర్నాడు తెల్లవారకుండానే నాయనమ్మని లేపి, తలకి హెడ్‌ఫోను తగిలించాను. ఆవిడ చిన్న ముడికి అది నిలవక చేత్తో పట్టుకున్నాను. ఆకాశవాణి సంకేత సంగీతం మొదలైంది. నాకు వినపడదు గదా, ఆవిడ మొహం వంకే చూస్తున్నాను. ముందు మొహం చిట్లించింది. తరువాత రెండు చేతులూ పైకి వెళ్లి నా చేతులమీద అదుముకున్నాయి. "బెజవాడ" అంది.

భక్తిరంజని అయిందాకా కదలలేదు. కాఫీ చల్లారిపోయింది. అయ్యాక హెడ్‌ఫోను తీసి నా చేతికిస్తూ, "గోడ అవతల ఎవరో పాడుతున్నట్టుందిరా. పోనీలే, మొత్తానికి నలభై అయిదూ గిట్టుబాటయ్యాయి" అంది.

ఆవిడ నాకిచ్చింది ఇరవై.

నేను తలెత్తలేదు. ఆవిడా ఇంకేమీ అడగలేదు. "ఎంతయిందిరా?" అని కూడా అడగలేదు.

తరువాత హెడ్‌ఫోనుని ఇత్తడి గిన్నెలో పెడితే చప్పుడు కాస్త పెద్దదవుతుందని కనిపెట్టాం. గిన్నె చుట్టూ తలకాయలు ఆనించి నలుగురైదుగురు వినేవాళ్లం. ఆదివారం నాటకం వచ్చిందంటే పక్కింటివాళ్లు కూడా వచ్చి ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవారు. ఎవరైనా దగ్గితే మా అమ్మ ఉరిమి చూసేది.

నాన్నగారు మాత్రం ఆ గిన్నె దగ్గరికి రాలేదు. ఓ రాత్రి మంచినీళ్లకి లేచాను. పెరటి అరుగు మీద ఆయన కూర్చుని ఉన్నారు. చెవులకి హెడ్‌ఫోను. ఓ చేత్తో గ్యాంగు నలుసంత నలుసంత తిప్పుతున్నారు. రెండోచేత్తో, కరెంటు తీగ ఎక్కడైనా దాచానేమోనని కాబోలు, అట్టగొట్టం కింద తడుముతున్నారు. నేను నీళ్లు తాగకుండానే వెళ్లి పడుకున్నాను. మర్నాడు స్టాండు మీద ఎర్రడబ్బా లేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ పైవారం ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చినప్పుడు మాత్రం గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "బ్యాటరీ అక్కర్లేదండీ దీనికి. కరెంటు బెజవాడ వాళ్లది, బిల్లు కూడా వాళ్లదే. మావాడు చేశాడు."

1992లో పుష్కరాలకి అందరం బెజవాడ వెళ్లాం. అప్పటికి నేను నాయనమ్మ సీసాలో రూపాయీ రెండూ వేస్తూ పదహారు రూపాయలదాకా తీర్చాను, ఆవిడ చూడకుండా. దుర్గాఘాట్‌లో ఆ జనంలో ఎల్లాగో స్నానాలయ్యాయి. తిరిగివచ్చేటప్పుడు నాయనమ్మ రేడియో స్టేషను చూడాలంది. "నీకు కనిపించదుగదమ్మా" అన్నారు నాన్నగారు. అయినా రిక్షా బందరు రోడ్డు మీదికి తిప్పించారు. పున్నమ్మతోటలో గేటు ముందు ఆపితే, ఆవిడ రిక్షాలోంచే అటు తిరిగి, "వీళ్లేనుట్రా మనకి బిల్లు కట్టేది?" అంది. కొంగుముడి విప్పి అయిదు రూపాయల నోటు తీసి నాకిచ్చింది. "రెండేళ్లు వాడుకున్నాం. ఇచ్చిరా."

నాన్నగారు అటుతిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. నేను దిగి గేటు దగ్గర జవానుకి సంగతంతా చెప్పాను. ఆయన నవ్వి, నోటు తీసుకోకుండా నా వీపు తట్టి పంపించాడు.

"తీసుకున్నారురా?" అంది నాయనమ్మ.

"తీసుకున్నారు నాయనమ్మా" అన్నాను.

ఇంటికొచ్చాక ఆ అయిదూ హార్లిక్స్ సీసాలో పడేశాను. శనివారం నాడు ఆవిడ సీసా తీయించుకుని, మిగిలిన నోట్లు ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టుకుంది. మళ్లీ ఒకసారి తడిమింది. మూత పెట్టేసింది. ఏమీ అనలేదు.